ట్రైసెరాటాప్స్ గీస్తే ఖడ్గమృగంలా వస్తోందా? ఇలా గీసి చూడండి

"మూడు కొమ్ములూ పెట్టాను, అయినా ఖడ్గమృగంలాగే ఉంది, ఎందుకు?" ట్రైసెరాటాప్స్ అనే మూడు కొమ్ముల డైనోసార్ గురించి నెలలో నాలుగైదుసార్లు ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. స్కూల్ ప్రాజెక్టు కోసం పిల్లలు అడుగుతారు, పిల్లల కోసం అమ్మానాన్నలు అడుగుతారు. ఇటీవల డిజిటల్‌లో గీసేవాళ్లూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నా మొదటి బొమ్మ కూడా అంతే. ఎంతో మురిసిపోతూ అమ్మమ్మకు చూపిస్తే, "ఖడ్గమృగం నెత్తిన చేట కట్టావేంట్రా" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. నేను ముందు కొమ్ములు గీసి, వాటి కింద తెలిసిన జంతువు ఒంటిని తెచ్చి అతికించాను.

కొమ్ములతో మొదలుపెడితే తప్పడం మనకే కాదు, పెద్దవాళ్లకూ జరిగింది. 1887లో అమెరికాలోని డెన్వర్ దగ్గర ఒక జత కొమ్ములు, కాస్త పుర్రె ముక్కతో దొరికాయి. వాటిని చూసిన ఓత్నీల్ మార్ష్ ఆ రోజుల్లో డైనోసార్ ఎముకల విషయంలో పేరున్న పండితుడు. అవి ఏదో పెద్ద అడవిదున్నవి అనుకుని బైసన్ జాతిలో పేరు కూడా పెట్టేశాడు. తర్వాత వయోమింగ్‌లో మంచి పుర్రె దొరికాక, 1889లో ట్రైసెరాటాప్స్ అన్న పేరు పెట్టాడు. మూడు కొమ్ముల మొహం అని ఆ పేరుకు అర్థం. కాబట్టి మనం కొమ్ముల్ని చివరికి వదిలేద్దాం. ముందు తల కొలత, తర్వాత నడుము, కాళ్లు.

కావలసినవి

ఏ3 డ్రాయింగ్ షీట్ ఒకటి, అడ్డంగా పెట్టుకోండి. హెచ్‌బి, 2బి, 4బి పెన్సిళ్లు, మంచి రబ్బరు, 30 సెంటీమీటర్ల స్కేలు, ఒక బటర్ పేపర్. ఫోన్‌లో టార్చ్ ఎలాగూ ఉంటుంది.

వీటితోపాటు నిమ్మకాయంత చపాతీ పిండి, మూడు అగరుబత్తి పుల్లల ముక్కలు. నవ్వకండి, మూడో మెట్టులో వీటితో పని ఉంది. పిండి గట్టిగా కలిపినదై ఉండాలి, పల్చగా ఉంటే ఆకారం నిలవదు.

ప్లాస్టిక్ బొమ్మ ఇంట్లో ఉంటే వెలుగునీడలు చూడటానికి పనికొస్తుంది. పాదాలు మాత్రం దాన్ని చూసి గీయకండి. చవక బొమ్మల్లో నూటికి తొంభై ఏనుగు పాదాలే.

మెట్లు

1. ముందు కొలతలు వేసుకోండి. పెద్ద ట్రైసెరాటాప్స్ పొడవు 8 నుంచి 9 మీటర్లు. పుర్రె ఒక్కటే దాదాపు రెండున్నర మీటర్లు. అంటే ముక్కు కొస నుంచి తోక కొస దాకా ఉన్న పొడవులో ఇంచుమించు మూడో వంతు తలే! అందరూ తప్పేది ఇక్కడే, భయపడి తల చిన్నది చేసేస్తారు. 25కి 1 స్కేలు (అసలు జంతువులో 25 సెం.మీ. కాగితం మీద 1 సెం.మీ.) పెట్టుకుంటే లెక్క తేలిక: మొత్తం పొడవు 32 సెం.మీ., తల 10 సెం.మీ., తుంటి దగ్గర ఎత్తు 11 సెం.మీ. ఏ4 కాగితమే ఉంటే మొత్తం 24, తల ఏడున్నర వేసుకోండి. అడుగున నేల గీత గీసి, దానిమీద ఈ గుర్తులు సన్నగా పెట్టండి.

2. మూడు ముద్దలు గీయండి. ఎడమవైపు తలకు వాలుగా ఉన్న కోడిగుడ్డు ఆకారం, మధ్యలో ఒంటికి పెద్ద పీపా, కుడివైపు తోకకు శంకువు. పీపా నేలకు సమాంతరంగా ఉండకూడదు. ఈ జంతువుకు వెనక కాళ్లు పొడవు, ముందు కాళ్లు పొట్టి. అందుకే ఒళ్లు తుంటి దగ్గర అన్నిటికన్నా ఎత్తుగా ఉండి, తలవైపు దిగుతూ వస్తుంది. ఒంగోలు గిత్తకు మూపురం దగ్గర ఎత్తు. మనకు ఆ బొమ్మ అలవాటు కాబట్టి చెయ్యి తనకు తెలియకుండానే భుజం పైకెత్తేస్తుంది. ఒకసారి ఆగి చూసుకోండి. తోకను నేలకు ఆనించకండి. తుంటి నుంచి కొంచెం కిందికి వాలి, గాల్లోనే ఆగాలి.

3. ఇప్పుడు పిండి. ముద్దను కోలగా చేసి, ఒక కొసను చిలక ముక్కులా వంచండి. రెండో కొసను బొటనవేలితో చేటలా పల్చగా నొక్కి, వెనక్కి, పైకి లేపండి. ఆ చేటనే ఫ్రిల్ అంటారు. కళ్లు ఉండేచోట అగ్గిపుల్లతో రెండు గుంటలు పొడవండి. ఒక్కో గుంటకు సరిగ్గా పైన ఒక పుల్ల గుచ్చండి, ముక్కుమీద చిన్న ముక్క ఒకటి. ఇప్పుడు దీన్ని బల్లమీద పెట్టి అటూ ఇటూ తిప్పుతూ టార్చ్ వేసి చూడండి. పక్కనుంచి చూసినప్పుడు రెండో కొమ్ము మొదటిదాని వెనక ఎంత దాక్కుంటుందో, ఎదురుగా చూసినప్పుడు చేట మొహాన్ని ఎలా చుట్టుకుంటుందో ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. నెట్‌లో వంద ఫొటోలు చూసినా ఈ సంగతి ఇంత బాగా పట్టుబడదు. పిండి గట్టిపడేలోగా రెండు మూడు చిన్న స్కెచ్‌లు వేసేయండి.

4. తల గీయండి. మొదటి ముద్దను సగానికి విడగొట్టే ఒక సన్న గీత పెట్టండి. కన్ను ఇంచుమించు ఆ గీత దగ్గరే ఉంటుంది. దాని ముందు మొహం, వెనక ఫ్రిల్. కన్ను చిన్నది, ఈ స్కేల్‌లో 3 మిల్లీమీటర్లు చాలు. కార్టూన్ కన్ను పెడితే అంత పెద్ద జంతువూ కుక్కపిల్ల అయిపోతుంది. నాసికా రంధ్రం మాత్రం పెద్దది, మూతికి దగ్గర్లో వేయండి.

మూతి కొసన చిలక ముక్కులాంటి ముక్కు, పైనా కిందా రెండూ. అందులో పళ్లు లేవు. పళ్లన్నీ వెనక, దవడల్లో వరసలు వరసలుగా పేర్చినట్టు ఉంటాయి. ఒకటి అరిగితే కింది నుంచి ఇంకొకటి వస్తుంది. కత్తెరలా ఆకుల్ని, కొమ్మల్ని కోసే పళ్లవి. నోరు తెరిచి ముందు కోరలు చూపిస్తూ వేసిన బొమ్మలు ఎక్కడైనా కనిపిస్తే కాపీ కొట్టకండి. బుగ్గలు ఉండేవా లేదా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. నేనైతే ముక్కు వెనక నుంచి దవడ దాకా ఒక చర్మపు మడత వేసి ఊరుకుంటాను.

5. ఫ్రిల్. ట్రైసెరాటాప్స్ ఫ్రిల్ గట్టి ఎముక, మధ్యలో కన్నాలు ఉండవు. దాని చుట్టాల్లో చాలావాటికి, స్టైరకోసారస్, కాస్మోసారస్ లాంటివాటికి, ఫ్రిల్ ఎముకలో రెండు పెద్ద కన్నాలుంటాయి. బతికున్నప్పుడు వాటిమీద చర్మం కప్పి ఉంటుంది కాబట్టి అక్కడా కన్నాలు కనిపించవు. అస్థిపంజరం ఫొటో చూసి కిటికీల్లా తెరిచి గీసిన బొమ్మలు నా దగ్గరికి చాలా వచ్చాయి. అంచు చుట్టూ చిన్న చిన్న త్రికోణాలు వరసగా వేయండి. పెద్ద జంతువుల్లో అవి అరిగినట్టు మొండిగా ఉంటాయి, రంపం పళ్లలా వాడిగా చేయకండి. ఫ్రిల్‌ను తల వెనక నిలబెట్టిన గోడలా కాకుండా భుజాలమీదికి వాలుస్తూ వేస్తే సహజంగా ఉంటుంది.

6. మెడ. ఫ్రిల్ కింద మెడ దాదాపు కనిపించదు. కనిపించినంత మేరా చాలా లావుగా వేయండి. అంత బరువు తలను మోయాలి కాబట్టి మెడలో మొదటి కొన్ని పూసలు ఒకదానికొకటి అతుక్కుని ఒకే దిమ్మగా ఉంటాయి. అలాగని తల తిరగదనుకోకండి, పుర్రె వెనక బంతిలాంటి కీలు ఉంది. తల పక్కకు వంచి, ఒక చెవివైపు వాల్చినట్టు గీస్తే బొమ్మకు ప్రాణం వస్తుంది.

7. కాళ్లు. ఇక్కడ కాస్త నిదానించండి. వెనక కాళ్లు స్తంభాల్లా నిటారుగా, ఒక్కో పాదానికి నాలుగు వేళ్లు, వాటికి గిట్టలు. ఇది తేలికే.

ముందు కాళ్ల దగ్గర వందేళ్లుగా తర్జనభర్జన నడిచింది. బల్లిలా మోచేతులు బార్లా చాపి కొందరు వేశారు, ఏనుగులా నిటారుగా ఇంకొందరు వేశారు. నిజం ఈ రెండిటికీ మధ్య. మోచెయ్యి ఒంటికి కొద్దిగా ఎడంగా, వెనక్కి వంగి ఉంటుంది. పాదం తీరు తెలియాలంటే మీరే లేచి నిలబడి, షేక్‌హ్యాండ్ ఇవ్వబోతున్నట్టు రెండు చేతులూ ముందుకు చాపండి. బొటనవేలు పైకి, అరచెయ్యి లోపలికి ఉంటుంది కదా? ఆ చేతినే అలాగే కిందికి దించి వేళ్లమీద ఆనించినట్టు ఊహించుకోండి. 2009లో జపాన్ పరిశోధకుడు షినిచి ఫుజివారా ఎముకల అమరిక చూసి చెప్పింది ఇంచుమించు ఇదే: వేళ్లు నేరుగా ముందుకు కాకుండా, ముందుకూ పక్కకూ మధ్యగా తిరిగి ఉంటాయి. ముందు పాదానికి ఐదు వేళ్లు. మొదటి మూడింటికే గిట్టలు, బరువంతా వాటిమీదే. మిగిలిన రెండూ చిన్నవి, గిట్ట లేనివి, వెనకవైపు ఒదిగి ఉంటాయి. కాబట్టి పక్కనుంచి గీసినప్పుడు మీకు దగ్గరున్న ముందు పాదంలో మూడు గిట్టలూ దాదాపు మీవైపే చూస్తున్నట్టు కనిపించాలి.

పాదాలు తప్పాయని బాధపడకండి. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో 1905లో నిలబెట్టిన ట్రైసెరాటాప్స్ అస్థిపంజరానికి వెనక పాదాలు బాతుమూతి డైనోసార్‌వి తగిలించారు. పలు జంతువుల ఎముకలు కలిపి కట్టారు కాబట్టి తల కూడా ఒంటికి తగ్గట్టు కాక చిన్నదైంది. దాదాపు శతాబ్దం పాటు జనం దాన్నే చూశారు.

8. కండ పట్టించండి. ఎముకల గీతమీద చర్మం బిగించినట్టు వేస్తే జబ్బుపడిన జంతువులా ఉంటుంది. తొడ వెడల్పుగా ఉండాలి, పొట్ట బాగా ఉబ్బి ఉండాలి. ఆకులు తిని అరిగించుకునే జంతువు, పేగులకు చోటు కావాలి. మట్టిలో పొర్లి లేచిన గేదెను పక్కనుంచి ఒకసారి గమనించండి, ఆ పొట్ట బరువు ఎలా వేలాడుతుందో చూడండి. అది తీసుకోండి, మూపు గీత తీసుకోకండి.

9. ఇప్పుడు కొమ్ములు. కళ్లమీది రెండు కొమ్ముల ఎముక సుమారు ఒక మీటరు. ఈ స్కేల్‌లో నాలుగు సెం.మీ. అవుతుంది, కానీ మీరు ఐదు వేయండి. ఎందుకంటే మ్యూజియంలో కనిపించేది లోపలి ఎముక మాత్రమే. ఎద్దు కొమ్ము తొడుగు ఊడినప్పుడు లోపల పొట్టి ఎముక కనిపించడం పల్లెల్లో పెరిగినవాళ్లకు తెలుసు. దీనికీ అలాంటి తొడుగే ఉండేది, అది ఎముక కన్నా పొడవు, మొన కూడా వాడి. కొమ్ము కంటికి సరిగ్గా పైనుంచి లేవాలి. నుదుటి నడుమ నుంచో, ఫ్రిల్ అంచు నుంచో కాదు. కాస్త పైకి లేచి, ముందుకు వంగుతూ, కొంచెం పక్కలకు విచ్చుకోవాలి. ముక్కుమీది కొమ్ము పొట్టిది, లావుది, ఒక సెంటీమీటరు సరిపోతుంది. దాన్ని పొడవు చేశారంటే మళ్లీ అమ్మమ్మ మాటే!

రెండు కొమ్ములూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండక్కర్లేదు. ఒకదాని మొన విరిగినట్టు, ఫ్రిల్‌మీద మానిన గాయం ఒకటి ఉన్నట్టు వేయొచ్చు. ఫ్రిల్ ఎముకలమీద దొరికిన గాయాల గుర్తుల్ని లెక్కగట్టి, ఇవి తమలో తాము కొమ్ములు పెనవేసి కుమ్ముకునేవని 2009లో పరిశోధకులు రాశారు.

10. చర్మం, రంగు. దొరికిన చర్మపు ముద్రల్లో పలకలు పలకలుగా ఉన్న పెద్ద పొలుసులు కనిపిస్తాయి. ఈ స్కేల్‌లో పెద్ద పొలుసు కూడా మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. ఒళ్లంతా పొలుసులు వేస్తూ కూర్చుంటే చెయ్యి పడిపోతుంది, బొమ్మ మొసలి అవుతుంది. భుజం మీద, తొడ మీద, వెలుగూ నీడా కలిసే చోట కొన్ని వేసి వదిలేయండి. మిగతాది చూసేవాళ్ల కన్ను నింపుకుంటుంది. ఖడ్గమృగం చర్మంలోని ఆ కవచం మడతలు మాత్రం వద్దు.

ట్రైసెరాటాప్స్ రంగు ఇది అని చెప్పే ఆధారం లేదు కాబట్టి ఊహకు చోటుంది. ఒక్క సూచన ఉంది: దీనికి కొమ్ముల్లేని పాత చుట్టం సిట్టకోసారస్. చర్మంతో సహా దొరికిన ఒక నమూనా జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది. దాని రంగు ఆనవాళ్లు 2016లో పరిశీలిస్తే వీపు ముదురు, పొట్ట లేత అని తేలింది. తోకమీద పొడవాటి కేశాల్లాంటివీ ఉన్నాయి. కొందరు చిత్రకారులు అది చూసి ట్రైసెరాటాప్స్ తోకకూ కుచ్చు పెడుతున్నారు. నాకది అంత నచ్చదు, మీ ఇష్టం. ఫ్రిల్‌కు ఎరుపో నారింజో వేయాలనిపిస్తే వేయండి, ఒళ్లు మాత్రం మట్టిరంగుల్లో ఉంచండి. రెండూ మెరిస్తే జాతరలో బెలూన్‌లా ఉంటుంది.

11. వెనక దృశ్యం. పచ్చగడ్డి మైదానం వేయకండి. ఈ జంతువు 6.8 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి మోంటానా, వయోమింగ్ ప్రాంతాల్లో తిరిగేది. ఫెర్న్ పొదలు, వెడల్పాటి ఆకుల చెట్లు, సూదిమొన ఆకుల చెట్లు, బురద వాగులు వేయండి. పక్కన మాంసం తినే డైనోసార్ టైరనోసారస్ పెడితే తప్పులేదు, రెండూ ఒకే కాలానివి. చికాగో ఫీల్డ్ మ్యూజియం కోసం చార్లెస్ నైట్ వేసిన పెద్ద చిత్రంలో ఆ రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆ తర్వాత పుస్తకాల్లో, సినిమాల్లో అదే పోటీ మళ్లీ మళ్లీ వచ్చింది. విసుగొస్తే నీళ్లు తాగుతున్నట్టో, చెట్టుకు ఒళ్లు రుద్దుకుంటున్నట్టో వేయండి. వీపుమీద పలకలుండే స్టెగోసారస్‌ను మాత్రం పక్కన నిలబెట్టకండి. అది దీనికన్నా దాదాపు 8 కోట్ల ఏళ్లు ముందుది.

బొమ్మ కుదిరిందో లేదో ఎలా చూసుకోవాలి

మొదటి పరీక్ష: మూడు కొమ్ములనూ వేళ్లతో మూసేయండి. మిగిలిన బొమ్మ ఇంకా ట్రైసెరాటాప్స్‌లా ఉందా? చిలక ముక్కు, భుజాలమీద వాలిన ఫ్రిల్, ఎత్తైన తుంటి, పొట్టి ముందు కాళ్లు కనిపిస్తున్నాయా? కొమ్ములు మూయగానే ఖడ్గమృగమో గేదో అయిపోతే రెండో మెట్టుకు వెళ్లాలి. కొమ్ములు సరిదిద్దితే అది పోదు.

రెండోది: బటర్ పేపర్ మీద బొమ్మ అంచు మాత్రం ట్రేస్ చేసి, లోపలంతా 4బితో నల్లగా నింపండి. నీడబొమ్మ వస్తుంది. తోలుబొమ్మలాటలో తెరవెనక బొమ్మలా చూడగానే ఎవరో తెలిసిపోవాలి. తర్వాత కాగితం తిప్పి వెనకవైపు నుంచి చూడండి. ఒకవైపు ఒరిగిపోయిన కాళ్లు, కిందికి జారిన కన్ను అప్పుడే బయటపడతాయి. డిజిటల్‌లో గీసేవాళ్లు ఫ్లిప్ నొక్కితే చాలు.

మూడోది స్కేలు. తల పొడవు కొలిచి మూడు పెట్టి హెచ్చించండి. మొత్తం పొడవు అంతకన్నా కాస్త ఎక్కువ ఉండాలి. నాలుగు తలలు పట్టేస్తే తల చిన్నదైనట్టే.

అస్థిపంజరం చూసి గీస్తానంటారా? మన దేశంలో ఈ కొమ్ముల జాతి దొరకలేదు. కానీ హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు బిర్లా సైన్స్ మ్యూజియంకు వెళ్లి, తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌ను చూడొచ్చు. అది పొడవాటి మెడ జాతి, ట్రైసెరాటాప్స్‌కు పోలిక లేదు. అయినా తుంటి ఎముకలో తొడ ఎముక ఎలా కూర్చుంటుందో, కాళ్లు ఒంటి కిందికి ఎలా వస్తాయో దాని పక్కన నిలబడితే తెలుస్తుంది. స్కెచ్ బుక్ పట్టుకెళ్లండి.

వేరే కొమ్ముల జాతి గీయాలంటే

ఒళ్లు ఇంచుమించు ఇదే, తల మారుతుంది. స్టైరకోసారస్‌కు ముక్కుమీదే పొడవాటి కొమ్ము, ఫ్రిల్ అంచునుంచి ఈటెల్లా పొడుచుకొచ్చిన ముళ్లు. కళ్లమీద కొమ్ములు దాదాపు ఉండవు. ఇది కెనడాలోని అల్బర్టాది, ట్రైసెరాటాప్స్ కన్నా చాలా చిన్నది, చాలా ముందుది కూడా. కాబట్టి దీని ఎదురుగా టైరనోసారస్‌ను పెట్టకూడదు. పాకిరైనోసారస్‌కు ముక్కుమీద కొమ్ము బదులు మొరటు ఎముక దిమ్మ ఉంటుంది. యూటాలో దొరికి 2010లో పేరు పెట్టుకున్న కాస్మోసెరాటాప్స్‌కు చిన్నా పెద్దా కలిపి 15 కొమ్ములు. ఫ్రిల్ పై అంచువి నుదుటిమీద జుట్టులా ముందుకు వంగి పడతాయి. మొదటి బొమ్మకే దాన్ని ఎత్తుకోకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

పిల్ల ట్రైసెరాటాప్స్ కావాలంటే

పెద్దదాన్ని చిన్న సైజులో గీస్తే పిల్ల అవదు. మొహం పొట్టిగా, కన్ను మొహంతో పోలిస్తే పెద్దగా, ఫ్రిల్ చిన్నగా వేయండి. ఫ్రిల్ అంచు త్రికోణాలు ఇక్కడ వాడిగానే ఉండాలి. కళ్లమీద కొమ్ములు బుడిపెలంత చాలు. కాస్త ఎదిగిన పిల్లకు అవి పొడవై వెనక్కి వంగుతాయి, పూర్తిగా ఎదిగాకే ముందుకు తిరుగుతాయి. ఒకే కాగితం మీద తల్లినీ పిల్లనూ వేస్తుంటే తల్లి కొమ్ములు ముందుకు, పక్కనున్నది కాస్త ఎదిగిన పిల్లయితే దాని కొమ్ములు వెనక్కి.